ఐదు ఓట్లకు ఒకటే మేకు

మరోలోప్ సిటాంగాంగ్ ఆ ఊరి చర్చి పెద్దల్లో ఒకడు. దేవుడికి దండం పెట్టుకోకుండా కల్లు గ్లాసు ముట్టుకోడు. కానీ ఆ దండం అయ్యాక ఆయన నోరు తెరిచాడంటే, దాన్ని మూయించడం దేవుడికి కూడా కాస్త కష్టమే.

ఆ మధ్యాహ్నం తోబా సరస్సు మీద వాన కురుస్తోంది. అవతలి కొండలు కనపడటం లేదు, ఇవతలి రేవు సగమే కనపడుతోంది. సొందాంగ్ కల్లు దుకాణం రేకు కప్పు మీద చినుకులు ఒకటే చప్పుడు. లోపల రోజూ కూర్చునేవాళ్లే కూర్చున్నారు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. ఒక్క మనిషి మాత్రం కొత్త. కొత్త అంటే ఎవరూ ఎరగనివాడని కాదు. ఎన్నికలయ్యాక ఈ గుమ్మం తొక్కనివాడు. బోనార్ నైబాహో. వాన తగ్గేదాకా ఆగుదామని పడవ దిగి వచ్చాడు తప్ప ఎవరినీ చూడ్డానికి రాలేదని ఆయన కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. స్తంభానికి ఆనుకుని, మొహం వాన వైపు పెట్టుకుని.

బోనార్ మరోలోప్‌కి స్వయానా భార్య అన్న. జిల్లా సభకి నిలబడి ఓడిపోయాడు. ఓడిపోవడం ఆయన్ని అంతగా బాధించలేదు, నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఓడిపోయేవాళ్లే. బాధల్లా ఏమిటంటే, బావ ఊళ్లో, ఈ ఊళ్లోనే, ఆయన పేరుకి ఒక్క ఓటూ రాలేదు. ఊరంతా సిటాంగాంగ్ వంశం వాళ్లే, వాళ్ల వంశపు మనిషికే వేసుకున్నారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. చెల్లెలు తియోదోర్ ఆ రోజు కంటి ఆపరేషనై మెదాన్‌లో ఉంది. ఇక ఈ ఊళ్లో తనకి రావాల్సింది బావ ఓటు ఒక్కటే. అదీ రాలేదు. అంటే మరోలోప్ కూడా రక్తం వైపే మొగ్గాడన్నమాట.

మరోలోప్ కూతురు లామ్రియా పెళ్లి దగ్గరికొచ్చేసింది. మేనమామ వచ్చి, తన చేత్తో ఉలోస్ శాలువా తెచ్చి, పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ కలిపి భుజాల మీదుగా కప్పితేనే ఆ పెళ్లికి దీవెన. తియోదోర్ వెళ్లి పిలిస్తే బోనార్ వస్తాననలేదు, రాననలేదు. చూద్దాం అన్నాడట. ఆ మాట విని వచ్చి ఆవిడ కొత్తగా చూపొచ్చిన కంటితో రెండు రోజులు ఏడ్చింది. కంటికి మంచిది కాదని డాక్టరు చెప్పినా వినలేదు.

ఇదంతా దుకాణంలో అందరికీ తెలుసు. అందుకే మరోలోప్ దండం ముగించి, కళ్లు తెరిచి గ్లాసు అందుకోగానే అందరూ ఒలవడం ఆపారు. ఆయన మాత్రం బావ వైపు చూడనేలేదు. మోటారు పడవ నడిపే పోస్మా వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఒరేయ్ పోస్మా, ఈ సరస్సు మీద పొద్దస్తమానం తిరుగుతావు గదా, అడుగున ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"చూస్తే ఇక్కడెందుకుంటాను మావా," అన్నాడు పోస్మా.

"నేను చూసొచ్చి ఇక్కడే ఉన్నాను. ఓట్ల రోజున చూశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడం నాకిష్టం ఉండదు, మీకు తెలుసు."

ఎవరో దగ్గారు. ఆయన ఆ దగ్గుని మర్యాదగా పక్కన పెట్టి మొదలుపెట్టాడు.

"నేను చేసింది పెద్ద పనేం కాదు, ముందే చెబుతున్నాను, ఓటు కాగితంలో ఒక మేకు గుచ్చాను అంతే, మన ఓటంటే అదే గదా, దేశంలో ఇన్ని కోట్లమంది గుచ్చారు నేనూ గుచ్చాను. పొద్దున్నే స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, పెళ్లికి కట్టుకునే చొక్కా వేసుకుని బడి దగ్గర గుడారంలోకి వెళ్లాను. వెళ్లగానే చేతిలో ఐదు కాగితాలు పెట్టారు. అవి కాగితాలా? దుప్పట్లు. బూడిదరంగుది అధ్యక్షుడిది, పసుపుది జకార్తా సభది, ఎర్రది మన ప్రాంతం మాట చెప్పడానికి జకార్తా వెళ్లే పెద్దమనుషులది, నీలంది మెదాన్‌లో రాష్ట్ర సభలో కూర్చునేవాళ్లది, అన్నిటికీ అడుగున ఆకుపచ్చది, మన జిల్లాది. నాకు అక్కడే కాళ్లు ఆగిపోయాయి. చూడండి, దేశాన్ని ఏలేవాడి దగ్గర్నుంచి మన రేవులో దీపం వేయించేవాడి దాకా అందరూ ఒకే పొద్దున, ఒకే చేతిలో, ఒకళ్ల మీద ఒకళ్లు పడుకుని ఉన్నారు. పసిపిల్లల్లాగా. ఎవరికీ చప్పుడు లేదు. ఇంత బరువు నా చేతిలో పెట్టావేమిటి తండ్రీ అనుకున్నాను."

వాన కాస్త పెరిగింది. సొందాంగ్ జగ్గు తీసుకుని వచ్చి ఖాళీ గ్లాసులు నింపి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"తెర వెనక్కి వెళ్లాను. బల్ల మీద స్పాంజి దిండు, దారం కట్టిన మేకు. నేనేమో పడవలు చేసేవాణ్ణి. నా చేత్తో చేసిన పడవలు ఈ సరస్సు మీద ఎన్ని తిరుగుతున్నాయో లెక్క నాకే తెలియదు, మునిగినవి మాత్రం లేవు."

"ఒకటి మునిగింది," అన్నాడు పోస్మా.

"అది మునగలేదు, కిందికి వెళ్లింది. దాని సంగతీ వస్తుంది, ఆగు. ఇంతకీ ఐదు కాగితాల్లో ఐదు చోట్ల ఐదుసార్లు గుచ్చడం ఏం పని అనిపించింది నాకు, ఒకేసారి అన్ని ఎన్నికలూ పెట్టింది ఒకేసారి తేల్చుకోమనే కదా. ఐదూ తీసి దొంతర పెట్టాను. అడుగున ఉన్న ఆకుపచ్చది తీసి అన్నిటికన్నా పైన పెట్టాను. దాని మీద ఒక పేరుంది. ఎవరి పేరో చెప్పను, ఆ పేరుగల మనిషి ఇప్పుడు మనవైపు వీపు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేరు మీద మేకు మొన ఆనించి బొటనవేలితో మెల్లగా, పసిపాప బుగ్గ నొక్కినట్టు, అలా నొక్కాను."

"మరి అదే మేకు అధ్యక్షుడి కాగితంలో ఎక్కడ దిగింది మావా?"

"ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. ఓటు రహస్యం, అడక్కూడదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేకు ఆగలేదు. ఐదు కాగితాలూ దాటింది, దిండు దాటింది, బల్ల దాటింది, బడి నేల మీద చిన్న కన్నం పెట్టుకుని అలా వెళ్లిపోతోంది. దానికి కట్టిన దారం బర్రున లాక్కుపోతోంది, పెద్ద చేప గాలం మింగితే ఎలా లాక్కుపోతుంది, అలాగ. ఓటు పారిపోతుంటే చూస్తూ ఊరుకుంటామా? దారం పట్టుకున్నాను. పట్టుకున్నానంతే, నేనూ దాంతోపాటే దిగిపోయాను."

"బల్లలోంచా?"

"మంచి చొక్కా వేసుకుని వెళ్లానని చెప్పాగా, ఎక్కడా తట్టుకోలేదు. దిగుతున్నాను దిగుతున్నాను, చిలగడదుంపల వేళ్లు మొహానికి తగులుతున్నాయి, ఆ తర్వాత తాతల సమాధుల రాళ్లు, తడి రాయి వాసన తెలుసుగా మీకు, పొద్దున్నే మంచు ఆరకముందు వచ్చే వాసన, ఆ వాసనలోంచి దిగి, ఇక ఊపిరి అందదేమో అనుకునేసరికి నీళ్లలోకి వచ్చాను. పైనుంచి కాదు, కిందనుంచి. మన సరస్సులోకి నేల వైపునుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. దేవుడి మీద ఒట్టు వెయ్యను, అది పెద్ద మాట. నా రంపం మీద ఒట్టు."

బోనార్ ఇంకా వాన వైపే చూస్తున్నాడు. కానీ గ్లాసు మాత్రం పెదాల దాకా వెళ్లి అక్కడే ఆగింది. మరోలోప్ అది ఓరకంట చూసి గొంతు తగ్గించాడు. ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో ఆయనకి బాగా తెలుసు, ఆదివారాలు కీర్తన ఎత్తుకునేది ఆయనే.

"ఎంత నిశ్శబ్దమో అక్కడ. వెలుగు ఉంది గానీ ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు, లేత ఆకుపచ్చగా, అరిటాకు వెనక్కి సూర్యుణ్ణి పెట్టినట్టు. పైన చెట్లకి మేకులు కొట్టి మరీ తగిలించారే నాయకుల బొమ్మలు, గాలికి ఎగిరిపోయినవన్నీ అక్కడున్నాయి. అడుగంతా మొహాలే. అందరూ నవ్వుతున్నారు. ఏ చేపా వాళ్ల మీద పగ పెట్టుకోలేదు, తీరిగ్గా వచ్చి ఒకాయన మీసం కొంచెం, ఇంకొకాయన టోపీ కొంచెం కొరుక్కుపోతున్నాయి. ఒక్క ముసలి ఎర్రచేప మాత్రం ఒక బొమ్మని చిరగకుండా నోట కరుచుకుని తీసుకెళ్లి వాళ్లింట్లో గోడకి తగిలించుకుంది. ఎవరి బొమ్మో చెప్పను."

"చేపకి ఇల్లూ గోడా ఎక్కణ్ణించి వచ్చాయి బావగారూ?" పొయ్యి దగ్గర్నుంచి సొందాంగ్ అడిగింది.

"నీటి కింద అందరికీ ఇళ్లున్నాయమ్మా. వాన కురవని చోట ఇల్లు కట్టడం ఎంతసేపు? పోస్మా అడిగాడే, ఆ పడవ, అదీ అక్కడే ఉంది, మునగలేదు, అక్కడివాళ్లకి రేవు పడవగా తిరుగుతోంది. అందులో ఎక్కాను. అది వెళ్లి వెళ్లి ఒక గుడారం దగ్గర ఆగింది. అచ్చం మన బడి దగ్గర గుడారమే, నీలం పట్టా, ప్లాస్టిక్ కుర్చీలు. వరసలో ఎవరున్నారో తెలుసా? మన పెద్దలు. కొండ పగిలి నిప్పు కక్కి ఈ సరస్సు పుట్టిన నాటి నుంచి దీన్ని నమ్ముకుని బతికినవాళ్లంతా. వంశాలవారీగా నిలబడ్డారు, నైబాహోలు ఒక పక్క, సిటాంగాంగులు ఒక పక్క, సింబోలోనులు ఎప్పట్లాగే ఆలస్యంగా వస్తున్నారు. పాపం వాళ్లెవరూ జన్మలో ఓటు వెయ్యలేదు. వాళ్ల రోజుల్లో జకార్తా లేదు, మెదాన్ లేదు, జిల్లా లేదు. పొద్దు పొడిచే వైపు కొండ, పొద్దు గుంకే వైపు కొండ, మధ్యలో వీళ్లు. ఈ ఐదు కాగితాలూ చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు, కొత్త బట్టల్లాగా."

మరోలోప్ ఒక గుక్క తాగాడు. దుకాణంలో ఎవరూ శనక్కాయ కూడా విరవలేదు. వాన వెనకాల ఎక్కడో పడవ మోటారు ఒకటి దగ్గుతూ వెళ్లిపోయింది.

"వరసలో ముందు మా నాయనమ్మ. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పోయిన మనిషి. నోట్లో తాంబూలం అలాగే ఉంది. నన్ను చూసి ఎప్పుడొచ్చావని అడగలేదు, తిన్నావా అని అడగలేదు, కాగితాలు నా మొహం ముందు ఆడించి అడిగింది. ఒరే మరోలోప్, ఇందులో దూరంగా ఉండేవాడిది ఏది, పిలిస్తే పలికేవాడిది ఏది?"

"నువ్వేమన్నావు?" ఈసారి అడిగింది పోస్మా కాదు. బోనార్. వాన వైపు నుంచి మొహం తిప్పకుండానే అడిగాడు.

మరోలోప్ గుటక వేశాడు. బావ తనతో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆయన గుటకలోనే తెలిసింది. అయినా కథ ఆపలేదు, ఆపితే బావ మళ్లీ వానలోకి వెళ్లిపోతాడేమోనని భయం.

"బూడిదరంగుది దూరం వాడిది నాయనమ్మా, ఆకుపచ్చది దగ్గరివాడిది అన్నాను. మిగతా నాలుగూ మడిచి కొంగులో దోపుకుంది, తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని. ఆకుపచ్చది మాత్రం మోకాలి మీద పరుచుకుని, అరచేత్తో సాపు చేసి, సాపు చేసి..."

"ఆవిడొక్కతే సాపు చేసింది," అన్నాడు బోనార్.

తర్వాత ఆయన చెప్పుకొచ్చింది అందరికీ తెలిసిందే, అయినా ఆయన నోట విన్నది అదే మొదటిసారి. ఒడ్డు పొడుగునా తిరిగాడట, కొండ మీది ఊళ్లకి కాలినడకన ఎక్కాడట. నర్సు లేక మూతబడ్డ వైద్యశాల గురించి చెబుదామని నోరు తెరిచిన ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, అధ్యక్షుడిగా ఎవరైతే బాగుంటుందంటావు అని. టీవీలో అదే, చర్చి బయట అదే, చావింట్లో కూడా అదే. వైద్యశాల గురించి ఒక్కరూ అడగలేదట.

"ఐదూ ఒకేసారి చేతిలో పెట్టేసరికి నాది అడుక్కి వెళ్లిపోయింది. జిల్లాది ఇంకో రోజు పెట్టి ఉంటే, మనుషులు కనీసం నా మొహం చూసి వద్దనుకునేవాళ్లు. ఇప్పుడు చూడకుండానే వద్దనుకున్నారు," అన్నాడు బోనార్. గ్లాసు దించి, "చూసినవాళ్లూ అంతేలే," అన్నాడు.

ఆ చివరి మాట ఎవరి గురించో ఎవరూ అడగలేదు. పోస్మా తలొంచుకుని తొక్కలు పోగు చేశాడు. మరోలోప్‌కి ఇక వెనక్కి తిరిగే దారి లేదు, ముందుకే వెళ్లాడు, ఇంకా వేగంగా, ఇంకా లోతుకి.

"అందుకే గదా బావా నేను అడుగున ఉన్నదాన్ని పైకి తీసింది. విను. దారం మళ్లీ లాగింది. సముద్రం అడుగునుంచి వెళుతున్నాను, నా వెనకాల మన పెద్దలంతా ఆ దారమే పట్టుకుని వస్తున్నారు, పిల్లలాట రైలుబండిలాగా, కీర్తన పాడుకుంటూ. మన చర్చిలో లాగే నాలుగు గొంతుల్లో పాడుతున్నారు, ఎవరు నేర్పారో ఏమో. జకార్తా వచ్చింది. మేకు నేలలోంచి పైకి లేచింది. ఏముంది అక్కడ? కుర్చీలు. అన్నీ ఖాళీ. ఆ పొద్దున దేశంలో ఏ కుర్చీ ఎవరిదీ కాదు, చిన్నదీ పెద్దదీ అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి గదా, అవన్నీ ఒకచోటికి చేరాయి. తెల్లగుడ్డ కప్పుకుని మైదానం నిండా కూర్చున్నాయి, కనుచూపు మేర, మంచులో పడుకున్న గేదెల్లాగా. ఎవరొచ్చి కూర్చుంటారో వాటికీ తెలియదు. పెద్ద కుర్చీ ముందుంది, బంగారపు అంచులూ అదీనూ. మేకు దాని దగ్గర ఆగింది. మర్యాదకి ఆగిందంతే, దండం పెట్టి ముందుకెళ్లింది. మెత్తటి కుర్చీల వరసలు దాటింది, గిరగిరా తిరిగే కుర్చీలు దాటింది. అన్నిటికన్నా వెనకాల, గుడ్డ కూడా కప్పకుండా, కాలు విరిగితే తీగతో కట్టిన చెక్క కుర్చీ ఒకటి ఒంటరిగా ఉంది. మన జిల్లా సభది. మేకు వెళ్లి దాని మీద నిటారుగా నిలబడింది. ఇక లాగితే రాలేదు. నేనూ లాగాను, మా నాయనమ్మా లాగింది, సింబోలోనులు అప్పుడొచ్చి వాళ్లూ లాగారు. రాలేదు. ఇదే నా చోటు అన్నట్టు నిలబడింది."

ఎవరూ నవ్వలేదు. ఆ కుర్చీ అందరికీ కనపడింది.

"మరి ఓట్లేవి మావా?" పోస్మా మెల్లగా అడిగాడు. "నీదీ, మీ నాయనమ్మదీ, ఇంతమందివీ. మన బడిలో లెక్కపెడితే బోనార్ మావకి సున్నా అన్నారే."

అది అందరి నోటిలోనూ ఉన్న ప్రశ్నే. మరోలోప్ దానికోసమే చూస్తున్నట్టు గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ చాపాడు.

"అదే చెబుతున్నాను. లెక్క మొదలైంది. మా బావకి వచ్చిన ఓట్లు బల్ల మీద పట్టలేదు. బోర్డు మీద ముందు ఒకటి రాశారు, దాని పక్కన సున్నాలు పెట్టడం మొదలుపెట్టారు. బోర్డు అయిపోయింది. గోడ మీద పెట్టారు. గోడ అయిపోతే రోడ్డు మీద సుద్దముక్కతో పెట్టుకుంటూ పోయారు, చర్చి దాటారు, రేవు దాటారు, కొండెక్కారు. సుద్ద అయిపోతే ముగ్గురు మేస్టర్లు పక్క ఊరికి పరిగెత్తారు. దేశంలో ఇన్ని సున్నాలు ఎప్పుడూ ఎవరికీ రాలేదు. సరిగ్గా అప్పుడు వాన పడింది. ఇలాంటి వానే. ఒకటీ కొట్టుకుపోయింది, సున్నాలన్నీ కొట్టుకుపోయాయి. బడి చూరు కింద తడవకుండా ఒక్కటి మిగిలింది. జిల్లావాళ్లు వచ్చి చూసి అదే రాసుకుపోయారు. నీకొచ్చింది సున్నా కాదు బావా. వచ్చినదాంట్లో మిగిలింది సున్నా."

చెప్పడం అయిపోయింది. చేతులు ఇంకా చాపే ఉన్నాయి. మొహంలో మాత్రం కోతలవాడి ధీమా లేదు.

బోనార్ గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు వెతుక్కుని, భుజం మీది తువ్వాలు తల మీద వేసుకున్నాడు. వాన తగ్గలేదు.

"కథ బాగుంది బావా," అన్నాడు. "మా చెల్లెల్ని కన్ను జాగ్రత్తగా చూసుకోమను."

అంటే పెళ్లికి రానని. మరోలోప్ చేతులు మెల్లగా ఒళ్లోకి దిగాయి. లామ్రియా ఉత్త భుజాలతో నిలబడ్డ దృశ్యం ఆయన కళ్లముందు కదిలినట్టుంది. అంత పెద్ద నోటికి ఒక్క మాట రాలేదు.

"కూర్చో అన్నయ్యా," అంది సొందాంగ్.

పొయ్యి దగ్గర్నుంచి లేచి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఓట్ల రోజున ఆ గుడారంలో పనిచేసినవాళ్లలో ఆవిడ ఒకతి. లెక్కప్పుడు ఒక్కొక్క కాగితమూ విప్పి, దీపానికి ఎదురుగా ఎత్తిపట్టి, మేకు ఎక్కడ గుచ్చుకుందో అందరికీ చూపించింది ఆవిడే. ఆ రోజు ఎత్తిపట్టిన చేతులు ఇప్పటికీ నొప్పులంటుంది.

"మెల్లగా నొక్కాడట," అంది. "పసిపాప బుగ్గట. అన్నయ్యా, ఈయన కాలి చెప్పు తీసి కొట్టాడు. మేకు పెట్టి పైనుంచి చెప్పుతో ఒక్క దెబ్బ. పడవకి కొట్టినట్టే. బల్ల విరిగిందనుకుని బయట వరసలో ఉన్న ముసలాయన లేచి నిలబడ్డాడు. మేం లోపలికి చూడకూడదు గనక చూడలేదు, చెప్పు చేత్తో పట్టుకుని బయటికొస్తే చూశాం."

"అదీ..." అన్నాడు మరోలోప్.

"మీరుండండి బావగారూ, మీ వంతు అయిపోయింది." మళ్లీ బోనార్ వైపు తిరిగింది. "బూడిదరంగు కాగితాలు లెక్కపెట్టేటప్పుడు గుడారం చుట్టూ ఊరంతా ఉంది. పసుపుకి సగం. ఆకుపచ్చవి విప్పేసరికి మేమూ, మా ఆవులింతలూ. ఎవరూ చూడలేదు, అందుకే ఎవరికీ తెలియదు. అందులో ఒకటి విప్పి ఎత్తిపట్టాను. అన్నిటిలోనూ సూది బెజ్జమంత కన్నాలు, దీంట్లో నా బొటనవేలు దూరేంత ఉంది. అంచులకి స్పాంజి ముక్కలు అతుక్కుని ఉన్నాయి. అది కూడా ఒకటి కాదు, రెండు కన్నాలు. ఒకటి నీ పేరు మీద. రెండోది సరిగ్గా దానికి ఎదురుగా, మడత అవతల, ఇంకో పార్టీ మీద. కాగితం పూర్తిగా విప్పకుండా కొట్టేశాడు. రెండు పలకలూ కలిపి కొట్టడమే గదా ఈయన ఎరిగింది. రెండుచోట్ల పడితే చెల్లదు. చెల్లదని నేనే పక్కన పెట్టాను."

పోస్మా నవ్వబోయి బోనార్ మొహం చూసి ఆగిపోయాడు.

"ఎవరి కాగితమో పైకి చెప్పకూడదు, నాకు తెలుసు," అంది సొందాంగ్. "చెల్లనిదానికి రహస్యం ఏముంటుంది. మిగతా నాలుగు రంగుల్లో అలాంటి కన్నం ఒక్కటీ లేదన్నయ్యా. అధ్యక్షుడికి కూడా వేలితోనే గుచ్చాడు. చెప్పు తీసింది నీకోసమే."

రేకుల మీద వాన ఒకటే మోత. మరోలోప్ సరస్సు వైపు చూస్తున్నాడు. పడవలు చేసే మనిషి, మేకు ఎలా కొట్టాలో ఊరందరికీ చెప్పే మనిషి, మెడ మీద చెమట వానలో కూడా కనపడుతోంది. సముద్రాల అడుగున తిరిగొచ్చానని చెప్పడానికి రాని సిగ్గు ఇప్పుడొచ్చింది.

"నా పేరు మీదేనా?" అన్నాడు బోనార్.

"నీ పేరు మీదే. ఆ దెబ్బకి పేరే మిగల్లేదు."

బోనార్ తల మీది తువ్వాలు తీశాడు. గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చి, స్తంభం దగ్గర తన చోట కాక, మరోలోప్ ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. గట్టిగా నవ్వుతాడేమోనని అందరూ చూశారు. నవ్వలేదు. సొందాంగ్ పోసిన గ్లాసు సగం తాగి, మూతి తుడుచుకుని, పెళ్లి మాటలు మాట్లాడే మేనమామ గొంతుతో అడిగాడు.

"పెళ్లికొడుకు భుజాలు ఎంత వెడల్పుంటాయి బావా? ఇద్దరినీ కలిపి కప్పాలంటే ఉలోస్ ఎంత పొడుగుండాలో నేసేవాళ్లకి చెప్పాలి. రేపే పురమాయిస్తాను."

మరోలోప్ తల తిప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, దేవుడికి చిన్న దండం ఒకటి పెట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులూ మళ్లీ చాపాడు.

"భుజాలా బావా? ఏం చెప్పమంటావు, వాడు మా ఇంట్లోకి వస్తే తలుపు చట్రం తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది, ఒక భుజం లోపలుంటే రెండోది ఇంకా రేవులోనే ఉంది..."

"మామూలు మనిషే అన్నయ్యా," అంది సొందాంగ్, జగ్గు తీసుకుని వెళుతూ. "మామూలు ఉలోస్ చాలు."